కార్డు మాత్రం నిండుగా ఉంది

మా పాప అమ్ములును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకుని నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు నీళ్ళు తాగితే ముక్కులోంచి రావడం లేదు. మాట మళ్ళీ మామూలైంది. "ఇక గుండెకు భయం లేదు, ఆడుకోనివ్వండి" అని డాక్టర్లు చెప్పి కూడా నెల కావస్తోంది. ఆ రోజు నుంచే రాద్దామనుకుంటున్నాను. చేయి సాగలేదు. బండి మీద పోతూ చదివే పెద్దక్షరాలు కొట్టి బతికేవాణ్ణి, కూర్చుని చదివే మాటలు రాయడం నాకు ఇదే మొదలు. అయినా రాస్తాను. సానుభూతి కోసం కాదు. నాలాంటి తెలివిగలవాడు ఇంకొకడు ఎక్కడో ఉండే ఉంటాడు, వాడి కోసం.

నా పేరు నరేందర్. శంషాబాద్‌లో నాకు ఫ్లెక్సీల షాపు. ఇల్లు తొండుపల్లిలో. ఇంట్లో నేను, నా భార్య స్వప్న, మా అమ్మ, ఐదేళ్ళకు దగ్గరపడ్డ అమ్ములు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడి పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ప్లాట్లకు ఫ్లెక్సీలు కావాలి, అలా నాకు తిండి దొరికింది. వెంచర్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు, కన్నీటి నివాళులు, అన్నీ ఒకే మిషన్లోంచి వస్తాయి.

పాప పుట్టిన ఏడాది

అప్పుడు టీకాల ప్రచారానికి ఒక ఫ్లెక్సీ ఆర్డర్ వచ్చింది. ప్రచారం పని చూసే ఆఫీసర్ సారు మ్యాటర్‌ను వాట్సాప్‌లో పంపాడు. ఎనిమిది లైన్లు. కింద నాయకుల ఫోటోలు వేయాలి, ఒకరి తల ఇంకొకరి తలకంటే చిన్నగా ఉండకూడదు. ఉంటే నా షాపు ముందు పంచాయతీ మొదలవుతుంది. తలలన్నీ సర్దేసరికి అక్షరాలకు చోటు చాల్లేదు. రెండు లైన్లు తీసేశాను. టీకా పడ్డాక ఒకటి రెండు రోజులు జ్వరం, వాపు రావచ్చు, భయపడవద్దు అనేది ఒకటి. ఒక్క సూదితో అయిపోదు, ఏయే వయసులో మళ్ళీ వేయించాలో చెప్పేది రెండోది. ప్రూఫ్ చూసి సారు షాపుకే వచ్చి భుజం తట్టాడు.

"మంచి పని చేసినవ్ నరేందర్. గీ జ్వరం ముచ్చట రాస్తే ఒక్క తల్లన్న వస్తదా?"

నెట్‌లోంచి దించిన బొద్దు పాప బొమ్మ, "నేడు టీకా, రేపు ధీమా" అన్న మాట, వరసగా నాయకుల నవ్వులు. చూడముచ్చటగా వచ్చింది. ఆ ఫ్లెక్సీ కిందనుంచే స్వప్న నెలన్నర అమ్ములును ఎత్తుకుని సబ్‌సెంటర్‌కు పోయి, మొదటి సూదులు వేయించుకొచ్చింది.

సాయంత్రానికి పాప ఒళ్ళు కాలిపోయింది. తొడ గట్టిపడి ఎర్రగా వాచింది. పాలు తాగలేదు, గుక్కపట్టి ఏడ్చింది. అది మామూలేనని, రెండు రోజుల్లో పోతుందని ఇప్పుడు తెలుసు. పోయింది కూడా. కానీ అప్పుడు ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే లైను తీసేసిన మొనగాణ్ణి నేనే. మా అమ్మ గొంతెత్తింది.

"మంచిగున్న పిల్లకు సూది పొడిపిచ్చుకొచ్చి జ్వరం తెచ్చిన్రు. ఇంకోసారి ఆ గడప తొక్కితె నా మీద ఒట్టే."

తర్వాతి నెల ఆశా కార్యకర్త లక్ష్మక్క పిలవడానికి వస్తే నేను ఆమె మీదికి ఎగిరాను. "జ్వరమొస్తదని ఒక్క మాట ముందు చెప్పొద్దా అక్కా?"

"చెప్తే రారని చెప్పొద్దన్నరు తమ్మీ. నేనేం జేయాలె?" అంది. మొహం చిన్నబోయింది. ఆ తర్వాత ఇంకా నాలుగైదు సార్లు వచ్చింది. మా అమ్మ గుమ్మంలోంచే పంపించేసింది.

పోలియో చుక్కల ఆదివారాలు మాత్రం తప్పలేదు. చుక్కలకు జ్వరం రాదు, వేలికి గుర్తు పెడతారు, ఆటోకు మైకు కట్టి మరీ పిలుస్తారు. ఆ గుర్తు చూసుకుని మా బిడ్డకు అన్నీ పడుతున్నాయనే అనుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే, అలా అనుకోవడం మాకు సుఖంగా ఉండేది.

మే నెల, బడి తెరవక ముందు

అమ్ములును ఎల్కేజీలో వేద్దామని పోతే, టీకాల కార్డు జిరాక్స్ లేనిదే అడ్మిషన్ లేదన్నారు. మా కార్డులో మొదటి గడి తప్ప అన్నీ ఖాళీ. స్వప్నకు అప్పుడు గుబులు పట్టుకుంది. "ఇగ నువ్వే తీస్కపోయి మిగిలినవి ఏపిచ్చుకొనిరా. నాకు చూస్తే భయమైతది" అంది.

సరేనని ఒక బుధవారం పాపను బండి ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాను. సబ్‌సెంటర్ దగ్గర లైను ఉంది. నా ముందున్న ఒక తల్లిని లోపల సిస్టర్ అందరి ఎదుటా కడిగేస్తోంది. "నాలుగేండ్లు పండుకున్నవా? ఇప్పుడు బడి కోసం యాదికొచ్చిందా?" ఆమె తలొంచుకుని నిలబడింది. తర్వాతి వంతు నాదే. ఊళ్ళో నలుగురికీ తెలిసిన మొహం నాది, టీకాల ఫ్లెక్సీలు కొట్టేవాడి మొహం. నేను మెల్లగా వెనక్కి జరిగి, బండి తిప్పాను. అమ్ములుకు ఐస్‌క్రీం కొనిపెట్టి షాపుకు తీసుకెళ్ళాను.

మిగతాది అరగంట పని. కార్డు స్కాన్ చేశాను. ఖాళీ గళ్ళలో తేదీలు నింపాను, ఒక్కో తేదీకి ఒక్కో ఇంకు రంగు, ఒక్కో వాలు. మొదటి గడిలో ఉన్న సిస్టర్ సంతకాన్ని కొంచెం పెద్దదిగా, కొంచెం చిన్నదిగా చేసి అన్నిట్లో అతికించాను. మధ్యలో మడత గీత కూడా వేశాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

"అన్నీ అయిపోయినయ్" అన్నాను ఇంటికొచ్చి.

"మల్ల జ్వరమొస్తదేమో?" అంది స్వప్న.

"పెద్దగైంది గదా, రాదన్నరు."

రెండు రోజులకు శ్రీశైలం షాపుకొచ్చాడు. మా సందులోనే ఉంటాడు, ఎయిర్‌పోర్టు కార్గోలో సామాన్లు ఎత్తే పని. వాళ్ళ వర్షిత్‌ది అమ్ములు ఈడే. అదే బడి, అదే క్లాసు, అదే వ్యాను. పని కోసం ఊళ్ళు మారుతుంటే పిల్లవాడి సూదులు మధ్యలో తప్పిపోయాయి. "అన్నా, మావోని కార్డు సగమే ఉన్నది. బడోల్లు సతాయిస్తున్నరు. నీకు కంప్యూటర్ పని ఎర్కనే గదా" అన్నాడు.

వేయించుకు రారాదా అని ఆ నోటితో నేనెట్లా అంటాను? "కూసో, చాయ్ తాగేలోపట అయిపోతది" అన్నాను. అయిపోయింది.

జూన్ చివర

బడి తెరిచి రెండు వారాలు. సోమవారం నాడు అమ్ములు గొంతు నొప్పి అంది. జ్వరం కూడా పెద్దగా లేదు. సందు చివర క్లినిక్‌లో మందు రాశారు. బుధవారం పొద్దునకు మెడ వాచింది. గడ్డం కింద నుంచి భుజాల దాకా మెడ అన్నదే లేదు. నోరు తెరిస్తే ఒక వాసన. అలాంటి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే అక్కడి నుంచి లేచిపోతాను.

రోడ్డు మీది ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. గొంతులోకి లైటు వేసి చూసింది, మొహం మారిపోయింది.

"ఏమండీ, పాపకు టీకాలన్నీ వేయించారా?"

స్వప్న ఫోన్‌లో కార్డు ఫోటో చూపించింది. డాక్టరమ్మ రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ ఒక్కో గడీ చూసింది. నా ఇంకు రంగులన్నీ చూసింది. "హమ్మయ్య, అన్నీ ఉన్నాయి కదా. అయితే నేను భయపడింది కాకపోవచ్చు. టాన్సిల్స్ బాగా ముదిరినట్టున్నాయి. ఇక్కడే ఉంచండి, పరీక్షకు పంపిస్తాను. రేపటికి తెలుస్తుంది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. స్వప్నకు తెలిసిపోతుందని భయం. బడిలో పేరు తీసేస్తారని భయం. సంతకం అతికించినందుకు కేసవుతుందని భయం. ఇన్నిటికీ భయపడ్డాను గానీ బిడ్డ పోతుందేమోనని ఆ పూట భయపడలేదు. టాన్సిల్సే అన్నారుగా అని సర్దుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

గురువారం తెల్లవారేసరికి అమ్ములు ఊపిరి తీసుకుంటుంటే గొంతులోంచి కీచుమనే చప్పుడు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. నా వైపు చూసింది, ఏదో చెయ్యి నాన్నా అన్నట్టు. రౌండ్లకు వస్తున్న డాక్టరమ్మకు కారిడార్‌లో అడ్డం పడ్డాను.

"మేడం, ఆ కార్డు నేను చేసిన. షాపుల కూసొని చేసిన. పాపకు మొదటిసారియే పడ్డయి, మల్ల పడలే."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. పాపను వేరే గదిలోకి మార్చమని, అంబులెన్స్ పిలవమని అరుస్తూ పరుగెత్తింది. తిరిగొచ్చి చెప్పింది, "ఇది కంఠసర్పి అనుకుంటున్నానండి. డిఫ్తీరియా అంటారు. దానికి విరుగుడు మందు సిటీలో అంటువ్యాధుల ఆస్పత్రిలో ఇస్తారు. ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది. నిన్ననే చెప్పి ఉంటే..." అని ఆపేసింది.

స్వప్న గోడకు ఆనుకుని అంతా విన్నది. నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నా బిడ్డ కాగితం మీద బతుకుతదనుకున్నవా?" అంది. ఆ తర్వాత పన్నెండు రోజులు అవసరమున్న మాట తప్ప నాతో మాట్లాడలేదు.

పెద్ద దవాఖాన, మొదటి వారం

పాపకు విరుగుడు మందు ఎక్కించారు. ఊపిరి ఆడకపోతే గొంతుకు రంధ్రం చేయాల్సి వస్తుందని కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఈసారి నా సంతకమే పెట్టాను. అది కూడా దొంగ సంతకంలాగే వచ్చింది. దేవుడి దయ, రంధ్రం దాకా పోలేదు.

వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. స్వప్న లోపల, నేను బయట రేకుల షెడ్డు కింద బల్ల మీద. అక్కడ కూర్చునేవాళ్ళు ఒకరినొకరు పేర్లు అడగరు, "ఎన్నో రోజు?" అని అడుగుతారు. తలుపు తెరుచుకుంటే అందరం ఒకేసారి లేస్తాం. లోపల పనిచేసే ఆయా రెహానా ఆపా ఎవరి కబురు తెస్తే వాళ్ళే పోయి, మిగతావాళ్ళు మళ్ళీ కూర్చుంటారు. "పాప రెండు చెంచాలు తాగింది బేటా, గాబ్రా పడకు" అని ఆమె చెప్పిన రోజు నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మా అమ్మ ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేసి "నేనే వద్దన్న గదా బిడ్డా, నా నోరు పడిపోను" అని ఏడ్చేది. ఆమె వద్దన్నది నిజమే. కానీ ఆమె ఎవరి సంతకమూ అతికించలేదు.

శుక్రవారం లక్ష్మక్క వచ్చింది. రెండు బస్సులు మారి, స్వప్నకు బట్టలూ, నాకు సద్ది గిన్నే పట్టుకుని. నేను ఎగిరిపడి పంపించిన మనిషి. నాలుగేళ్ళ కిందే చెప్పిన కదా అంటుందని తలొంచుకున్నాను. అనలేదు. గిన్నె మూత తీసి నా ముందు పెట్టి, "తిను, తిన్నంక మాట్లాడుదం" అంది. తిన్నాక నోటుబుక్కు తీసింది.

"పాపతోని ఎవరెవరు తిరిగిన్రో చెప్పు తమ్మీ. అందరికి మందులియ్యాలె, సూదులు తప్పినోల్లకు సూదులెయ్యాలె. కార్డు లేని పిల్లల ఇండ్లకు ముందు పోతున్నం. వ్యాన్ల మీ శ్రీశైలం పిలగాడు గూడ వస్తడు గదా?"

"ఆ, వస్తడు."

"వానిది బడిల చూసినం. కార్డు నిండుగ ఉన్నది. వానింటికి తర్వాత పోతం."

ఇక్కడే నేను మాట్లాడాల్సింది. ఒక్క మాట. అక్కా, అది కూడా నేను చేసిందే అని. తలుపు అవతల స్వప్న ఉంది, బల్ల మీద పదిమంది ఉన్నారు. ఒక తప్పు ఒప్పుకుని ఒక్క రోజైంది, ఇంకొకటి కూడా ఉందని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. వాడికేం కాదులే అనుకున్నాను. నా బిడ్డకు వచ్చింది చూస్తూ కూడా అలా అనుకోగలిగాను. "గట్లనా" అన్నాను. లక్ష్మక్క పుస్తకం మూసి వెళ్ళిపోయింది.

శనివారం గడిచింది. ఆదివారం పొద్దున స్వప్న ఫోన్ ఛార్జింగ్ కోసం నా దగ్గర ఉంది. శ్రీశైలం భార్య మంజుల చేసింది.

"అన్నా, అమ్ములు ఎట్లున్నది? మావోనికి గూడ నిన్న సంది గొంతు నొస్తుంది. క్లినిక్‌ల కార్డు చూపిచ్చినం, అన్నీ పడ్డయి గదా, మామూలుదే అన్నరు."

"మంజులా, ఆ కార్డు ఎవ్వరికీ చూపియ్యకు. పిలగాన్ని తీస్కొని ఇప్పుడే ఈడికి రాండ్రి. ఆటో గీటో చూడకుండ్రి, ఏది దొరికితే అది ఎక్కుండ్రి" అని అరిచాను. బల్ల మీద అందరూ నా వైపు చూశారు. మధ్యాహ్నానికి వర్షిత్ అమ్ములు పక్క మంచం మీద ఉన్నాడు.

రెండో వారం

ఇద్దరూ తేరుకున్నారు. వాపు తగ్గింది, ఆకలి వేస్తోంది. కానీ డాక్టర్లు మంచం దిగనివ్వొద్దన్నారు. ఈ జబ్బు విషం గొంతులో తగ్గాక గుండెను పట్టుకుంటుందట. పిల్లలకు ఎలా చెబుతాం? ఒంట్లో బాగుంది, ఆడుకుంటామంటారు. రెహానా ఆపా ఒక ఉపాయం చేసింది. రెండు మంచాల మధ్య ఒక పొడుగాటి దారం కట్టి ఒక కొస వర్షిత్ వేలికి, ఇంకో కొస అమ్ములు వేలికి ముడేసింది. "నువ్వు పతంగి, ఆమె మాంజా. పడుకొనే ఆడాలె, లేచినోల్లు ఓడిపోయినట్టు" అంది. రోజంతా ఒకరు గుంజితే ఒకరు వదిలేవాళ్ళు. తలుపు అద్దంలోంచి నేనూ శ్రీశైలం వంతులవారీగా చూసేవాళ్ళం. ఆ నాలుగు రోజులు మేమిద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. శుక్రవారం లక్ష్మక్క దగ్గర దాచింది చెబుదామని రోజూ అనుకున్నాను. పిల్లవాడు ఇంటికొచ్చాక చెప్పొచ్చులే అని రోజూ వాయిదా వేశాను.

మంగళవారం పొద్దున టిఫిన్ వేళ. మంజుల ఇడ్లీ తుంచి పెడుతోంది. వర్షిత్ తల కొంచెం ఎత్తి ఒక ముక్క తిన్నాడు. "అమ్మా, నిద్రొస్తుంది" అని వెనక్కి వాలాడు. అంతే. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు, ఛాతీ మీద నొక్కారు, చాలాసేపు నొక్కారు. అడ్డంగా తెర లాగారు. తెర ఇవతల అమ్ములు వేలితో దారం గుంజుతూ, "గుంజుతలేడేందమ్మా?" అని స్వప్నను అడిగింది.

స్వప్న ఆ దారం విప్పి గుప్పిట్లో పెట్టుకుని బయటికి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత నా భుజం మీద తల పెట్టింది. నేను ఆమెకు శుక్రవారం సంగతి చెప్పాను. తల తీసేసింది.

ఆ సాయంత్రం పెద్ద డాక్టర్ని పట్టుకుని అడిగాను, పిల్లవాణ్ణి రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేవాడా అని. "చెప్పలేం. కొందరి విషయంలో తేడా ఉంటుంది, కొందరి విషయంలో ఉండదు" అన్నాడు. నేను మళ్ళీ అడిగాను. "ఇది నన్ను అడిగి లాభం లేదయ్యా" అని వెళ్ళిపోయాడు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఏదో ఒకటి తేలితే దాన్ని మోయొచ్చు. తేలనిదాన్ని ఎక్కడ పట్టుకుని మోయాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆగస్టు

జూలై చివర్లో అమ్ములును ఇంటికి పంపారు. మాట ముక్కుతో వచ్చేది, నీళ్ళు ముక్కులోంచి కారేవి. పడుకోబెట్టే ఉంచాలి. మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం ముగ్గురు పరాయివాళ్ళలాగా తిరిగేవాళ్ళం.

బడిలో మీటింగు పెట్టారు. భుజం తట్టిన ఆఫీసర్ సారే వచ్చాడు. ఊరంతా అప్పటికి రెండుగా చీలింది. ఫోన్లలో ఒకడు సూదులతోనే రోగాలంటాడు, ఇంకొకడు సూది వేయించనివాళ్ళను జైల్లో పెట్టాలంటాడు. హోటల్లో మేనేజర్ పని చేసే ఒకాయన లేచి, "మేం పద్ధతిగా వేయించుకుంటున్నామండి. ఇలాంటి నిర్లక్ష్యపు మనుషుల వల్ల మా పిల్లలు ఎందుకు ప్రమాదంలో పడాలి?" అన్నాడు. ఆయన అన్నది తప్పు కాదు. నా చెవుల్లోంచి మాత్రం పొగలొచ్చాయి.

ఆఫీసర్ సారు కొత్త ఫ్లెక్సీ గురించి చెప్పాడు. "మెత్తగ చెప్తే వినరు. ఈసారి గట్టిగ భయపెట్టాలె. పోయిన పిలగాని ఫోటో పెద్దగ ఏసి, తల్లిదండ్రులే దోషులని రాద్దం. కార్డు లేకుంటె బడి బంద్."

వెనక వరసలోంచి లక్ష్మక్క లేచింది. పదేళ్ళుగా మీటింగుల్లో ఆమె నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"సార్, జర నన్ను చెప్పనియ్యుండ్రి. భయపెడ్తే కార్డు తెస్తరు. పిల్లను తేరు. జ్వరమొస్తది, తొడ వాస్తది, రెండు దినాలు నేను మీ ఇంటికొచ్చి చూస్త అని చెప్పనియ్యుండ్రి నన్ను. అది దాస్తిరి గాబట్టే నా మాట ఎవ్వలు నమ్మలే. ఆలస్యమొచ్చిన తల్లిని అందరి ముంగట తిట్టకుండ్రి. తిడితే మల్ల రాదు."

సారు చిరాకుగా కూర్చోమన్నాడు. అప్పుడు నేను లేచాను. నా బిడ్డ కార్డు నేనే షాపులో తయారు చేశానని, ఇంకో కార్డు కూడా చేశానని చెప్పాను. జ్వరం లైను తీసింది కూడా నేనేనని చెప్పాను. కేసు పెడితే పెట్టుకోండన్నాను. ఎవరూ పెట్టలేదు. సారు నన్ను పక్కకు తీసుకెళ్ళి, "ఇది బయట అనకు నరేందర్, అందరికి ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆ ఫ్లెక్సీ నేను కొట్టనన్నాను. "నువ్వు కాకపోతే ఇంకోడు" అన్నాడు. వర్షిత్ ఫోటోకు శ్రీశైలం ఒప్పుకోలేదు. ఫోటో లేకుండానే ఇంకో షాపులో కొట్టించారు. జంక్షన్‌లో ఇప్పటికీ ఉంది. దోషులు అన్న మాట ఎర్రగా, దూరం నుంచే కనిపిస్తుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. టీకా మీద నాకు ఫిర్యాదు లేదు. అది పడి ఉంటే ఇదేదీ రాసేవాణ్ణి కాదు. నా కోపం దాచిన మాట మీద, తిట్టిన మాట మీద, అన్నిటికంటే ఎక్కువగా నా మీద.

ఆ తర్వాత

మీటింగైన కొన్ని రోజులకు శ్రీశైలం షాపుకొచ్చాడు. కొడుకు ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టించాలి. ఫోన్‌లో ఉన్నవన్నీ కదిలిన ఫోటోలే, వాడు ఒక్కచోట నిలబడే రకం కాదు. ఒకటి ఎంచుకున్నాం. దాన్ని స్క్రీన్ మీద పెట్టి, ఇక ఆపుకోలేక చెప్పేశాను.

"శ్రీశైలం, మీవోడు దవాఖానకు రాకముందు శుక్రవారం నాడే లక్ష్మక్క నన్ను అడిగింది. మీవోని కార్డు నిండుగున్నదన్నది. నేను కాదనలే. ఆదివారం దాక నోరు తెరవలే."

అతను స్క్రీన్ మీది కొడుకు వైపే చూశాడు. లేచి నన్ను కొడితే కొట్టించుకునేవాణ్ణి.

"నేను గూడ చెప్పలే గదన్నా" అన్నాడు చివరికి. "మావోని కార్డు దొంగదని నాకెర్క లేదా? అమ్ములుకు గీ రోగమని తెల్సినంక గూడ ఊకున్న. బడోల్లు తీసేస్తరని."

బయట ఎవరో వెంచర్ ఫ్లెక్సీ రేటు అడిగి, జవాబు రాక వెళ్ళిపోయారు.

"మనిద్దరం ఊకున్న ముచ్చట మంజులకు నువ్వు చెప్పకు. నేనే జెప్త, ధైర్యమొచ్చినప్పుడు" అన్నాడు. తర్వాత, "చిన్నది ఉన్నది గదన్నా, ఏడాదిన్నర. అమ్ములుకు వచ్చినప్పుడు అందరికి వేసిన్రు, మా ఇంటికొచ్చేసరికి మేం దవాఖానల ఉంటిమి. ఇప్పుడు పోదమంటే మంజుల రానంటది. ఆడ తిడ్తరని. నాకు ఒక్కనికి కాళ్ళు వస్తలేవు."

"తిడితే ఇద్దరం పడ్దం. పా" అన్నాను.

బుధవారం పొద్దున వాళ్ళ చిన్నపాపను ఎత్తుకుని ఇద్దరం సబ్‌సెంటర్‌కు పోయాం. లైన్లో కొందరు మమ్మల్ని గుర్తుపట్టి చోటిచ్చారు, కొందరు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. లోపల కొత్త సిస్టర్ ఉంది, మేమెవరో తెలియదు. ఖాళీ కార్డు చూసి కళ్ళెత్తింది.

"ఇన్ని రోజులు ఏం చేసిన్రు? ఏడాదిన్నర పిల్లకు మొదటి గడి గూడ నిండలే. పేపర్ల చూస్తలేరా, టీవీల చూస్తలేరా?"

ఆమె పెద్ద రిజిస్టర్ తెరిచి తండ్రి పేరు, వీధి రాసుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"పిల్లలెందరు?"

శ్రీశైలం నా వైపు చూశాడు.

"ఇప్పుడైతే ఒక్కతే మేడం" అన్నాడు.

సిస్టర్ చేతిలో పెన్ను ఆగింది. ఆమె లేచి కుర్చీ దగ్గరికి జరిపి, పాపను ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు గట్టిగా పట్టుకోమంది.